లోవమ్మ తల తడి

ఏంటే చిన్నమ్మాయీ, జ్ఞానస్నానానికి నీళ్ళెందుకని అడిగారా ఉపదేశం క్లాసులో? పాపాలు కడగడానికని చెప్పావా? సరే, అదీ నిజమే. నాకు మాత్రం ఆ మాటంటే లోవమ్మే గుర్తొస్తుంది. రేవు దగ్గర చేపల వేటకెళ్ళేవాళ్ళ ఇల్లు వాళ్ళది. తలుపులమ్మ తల్లికి మొక్కే మనిషి. అయినా ఈ లంకలో పురుడంటే ఆవిడ చెయ్యే. మీ నాన్నని పట్టింది కూడా ఆవిడే. ఏరు పొంగితే ఫాదర్ గారు లంకలోకి రాలేరు కదా, అందుకని సిస్టరమ్మగారు ఆవిడకి నేర్పారు. మనవాళ్ళ బిడ్డ దక్కదనిపిస్తే నెత్తిన నీళ్ళు పోసి, పేరు పెట్టి, "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అనమని. పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకుని నేను మొదట కూడబలుక్కుని చదివిన వాక్యం కూడా అదేలే. "నేను మీ గుడికి రాను కదండీ, నా చెయ్యి చెల్లుతుందా?" అందట లోవమ్మ. "చెయ్యి నీది, ఇచ్చేది దేవుడు" అన్నారట సిస్టరమ్మగారు. అలా పదకొండుమందికి పోసింది. ఒక్కరూ దక్కలేదు. వల బాగుచేసుకుంటూ ఆ పేర్లన్నీ గొణుక్కునేది.

పెద్ద తుఫానొచ్చిన మరుసటేడు మంచం పట్టింది. మధ్యాహ్నం చూసొద్దామని వెళ్తే గుమ్మం వైపే చూస్తోంది. "ఒసే చిట్టెమ్మా, నా పదకొండుమందీ వచ్చేశారే. అంతంతే ఉన్నారు, ఒక్కరూ పెరగలేదు. లోపలికి రమ్మంటే రారు. 'నీ తల పొడిగా ఉందేంటి' అంటున్నారు. నాకూ పొయ్యవే" అంది. గుమ్మంలో ఎవరూ లేరు. వాసన మాత్రం వచ్చింది, చనుబాలూ వాము పొగా కలిసిన పురిటింటి వాసన. నీళ్ళ చెంబు నా పక్కనే ఉంది. మాటలు నాకొచ్చు. అయినా చెయ్యి రాలేదే. పసిబిడ్డంటే వేరు, ఇంత మనిషికి ఫాదర్ గారే ఇవ్వాలేమో, నేనెంతదాన్ని అనుకుని పడవెక్కి ఆయన కోసం పరిగెత్తాను.

తీసుకొచ్చేసరికి ప్రాణం పోయింది. లోవమ్మ కోడలు సాయిదుర్గ గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. "ప్రాణం మీదికొస్తే ఎవరైనా ఇవ్వచ్చమ్మా. ఆవిడకి తెలిసింది నీకు తెలీదా?" అన్నారు ఫాదర్ గారు మెల్లిగా. లోపలికెళ్ళి లోవమ్మ తల మీద చెయ్యి పెట్టి, టక్కున తీసేశారు. జుట్టంతా తడి. దిండు మీదికి కారుతోంది.

"ఎవరు పోశారమ్మా?"

"ఎవరూ లోపలికెళ్ళలేదండి, చిట్టెమ్మగారు వెళ్ళినప్పట్నుంచీ నేనిక్కడే ఉన్నాను కదండీ" అంది సాయిదుర్గ. ఆ నీళ్ళ చెంబు చూస్తే ఉన్నచోటే, అంచుదాకా నిండుగా ఉంది.

పాపాలు ఒప్పుకోడానికి, అదే పాపసంకీర్తనానికి, వెళ్ళినప్పుడల్లా చెబుతాను, చెంబు నా పక్కనే ఉందని. దేవుడెప్పుడో క్షమించేశాడమ్మా అంటారు ఫాదర్ గారు. అయినా చెబుతాను...

సరే, ఎసరు మరుగుతోంది, వెళ్ళి బియ్యం పొయ్యి. గుమ్మానికి అడ్డంగా నిలబడకే, కాస్త పక్కకి జరుగు, వచ్చేవాళ్ళకి దారుండాలి.