లోయలో నలభై నాలుగు స్తంభాలు

మా కార్యాలయమంతా ప్రేమగా ‘చాటు సారు’ అని పిలుచుకునే దృశ్య ప్రభావ విభాగాధిపతి గారు పంతొమ్మిది వందల తొంభయ్యో సంవత్సరం జూన్ పద్దెనిమిదో తేదీ, సోమవారం ఉదయం, రైల్వే విద్యుదీకరణ కార్యాలయంలో సహాయ ఇంజనీరుగా బాధ్యతలు స్వీకరించారు. సేవా పుస్తకంలో అలాగే నమోదై ఉంది. వారిని అడిగితే మాత్రం ఇరవై ఒకటో తేదీ, గురువారం అంటారు. రెండింటిలో ఏది రాయాలో తోచక విచారించగా తేలిందేమిటంటే, మొదటి మూడు రోజులూ వారు పొరపాటున పక్క భవనంలోని సిగ్నల్ విభాగానికి వెళ్ళి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, అక్కడివాళ్ళు ఇచ్చిన పటాలను శ్రద్ధగా దిద్దిపెట్టారు. వద్దన్నవారు లేరు, మీరెవరని అడిగినవారూ లేరు. మరి సోమవారం నాటి సంతకం మా హాజరు పట్టీలోకి ఎలా వచ్చిందో నాకు నేటికీ బోధపడలేదు.

నాకు బోధపడని సంగతులు ఈ వ్యాసంలో ఇంకా చాలా ఉన్నాయి గనుక పాఠకులు ముందే మన్నించాలి. నేను విద్యుత్ సరఫరా ఇంజనీరును. నన్ను ‘కరెంటు సారు’ అంటారు. చాటు సారుతో కలిసి ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను, అందులో చివరి నాలుగేళ్ళు వారితో సరిగ్గా మాట్లాడలేదు. అటువంటి నాకు వారి పదవీ విరమణ సంచికకు ఈ అభినందన వ్యాసం అప్పగించడంలో సంచిక సంపాదకురాలి ఉద్దేశమేమిటో తెలియదు. సీనియారిటీ జాబితాలో పై పేరు మీదే కదండీ అంది ఆ అమ్మాయి. వారి ఘనకార్యాల ఫొటోలు కావాలని కూడా అడిగింది. ఆరు ఫొటోలు పంపాను. గంటలో తిరిగి ఫోన్ చేసి, సార్, ఇవన్నీ ఉత్త కొండలండీ, వేరే ఫైలు పంపినట్టున్నారు అంది. కాదమ్మా, అవే, ఆయన చేసిన పని అదే అని చెప్పి ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

ఆ పనేమిటో కుటుంబ సభ్యుల కోసం రెండు మాటలు చెప్పాలి. రైలు కరెంటుతో నడవాలంటే పట్టాల పక్కన సుమారు యాభై మీటర్లకొక ఇనుప స్తంభం పాతి, వాటి మీదుగా తీగ లాగాలి. పట్టణంలో దాన్ని పట్టించుకునే నాథుడుండడు. కానీ చూపుకు అందమైన కొండలనూ, బీళ్ళనూ, పాత రాతి గోడలనూ చట్టం కాపాడుతున్న గ్రామీణ ప్రాంతాల్లో, నడకదారి మీద నిలబడిన మనిషి కంటికి స్తంభాల వరస కొట్టొచ్చినట్టు కనబడకూడదు. స్తంభం ఉండాలి, ఉన్నట్టు ఉండకూడదు. తొలి పదమూడేళ్ళూ పటాలు గీసిన చాటు సారు, రెండు వేల మూడు నుంచి ఈ బాధ్యతను ఒంటిచేత్తో నెత్తికెత్తుకున్నారు. స్తంభాన్ని ఆకాశం ముందు కాక కొండ ముందు నిలబెట్టడం, రెండు పట్టాల మీదా అడ్డంగా వేసే భారీ ఇనుప కమానుకు బదులు సన్నని చేతులున్న ఒంటి స్తంభాలు వాడటం, మెరిసే లోహానికి రంగు పూయడం, అవసరమైన చోట పొదలు పెంచడం వారి మార్గాలు. నా మార్గం వేరు. గాలికీ వానకీ తీగ తెగిపడకూడదు. అందుకు ఎత్తైన, బలమైన, తిన్నని స్తంభాలు కావాలి. సమావేశాల్లో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుంటే మిగతావారు ముందుగానే టీ తాగి వచ్చేవారు.

ఇంత పేచీకోరునైన నన్నే వారు ప్రతి పరిశీలనకూ వెంట తీసుకెళ్ళేవారు. నడకదారి మీద ఎక్కడెక్కడినుంచి చూడాలో ముందే నిర్ణయించిన చోట్లుంటాయి. అక్కడ నన్ను నిలబెట్టి, దుర్భిణి వాడనివ్వకుండా, ఏం కనబడుతోందో చెప్పమనేవారు. దారిన పోయేవాళ్ళ దగ్గర దుర్భిణులుండవు గదా అనేవారు. నన్నే ఎందుకు పీడిస్తారని ఒకసారి విసుక్కున్నాను.

“నాకు కనబడకపోతే అది నా ఆశేమో అని అనుమానమండీ. మీరు తప్పు పట్టాలనే చూస్తారు. మీకు కనబడకపోతే నిజంగా కనబడనట్టే” అన్నారు.

అది పొగడ్తో తిట్టో తేల్చుకోలేక ఆ రోజంతా తల గోక్కున్నాను.

వారి తీరు తెలియడానికి ఒక్క ముచ్చట చాలు. స్తంభాలకు ఏ రంగు పూయాలో తేల్చడానికి వారు ఇరవై రెండు చెక్క పలకలకు ఇరవై రెండు రంగులు వేయించి, కొండవాలున పొదల మధ్య పాతించి, ఏడాది పొడవునా ఎండలో, వానలో, మంచులో చూస్తూ గడిపారు. ఏడాది చివర పలకలు తీసుకొద్దామని వెళితే ఇరవై ఒకటే దొరికాయి. ఎవరో ఎత్తుకుపోయారని నేను, గాలికి కొట్టుకుపోయిందని వారు వాదించుకుంటూ గంటన్నర వెదికాం. చివరికి దాన్నే తన్నుకుని నేను బోర్లా పడ్డాను. మోకాలు చెక్కుకుపోయి నేను మూలుగుతుంటే, ఆ పెద్దమనిషి నన్ను లేపకుండా పలకను లేపి, ఇదేనండీ మన రంగు అని మురిసిపోయారు. తడిసిన మట్టికీ ఎండిన గడ్డికీ మధ్య రంగు అది. నేటికీ వాడుకలో ఉంది, నా మోకాలి మీద మచ్చ కూడా ఉంది.

రెండు వేల పన్నెండులో లోయ మార్గం పని వారికి అప్పగించబడింది. అది వారి ఉద్యోగ జీవితపు శిఖరం. రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరం, నలభై నాలుగు స్తంభాలు. అవి కనబడుతున్నాయని ప్రకృతి పరిరక్షణ మండలి తేల్చితే ఆ మార్గానికి కరెంటు లేనట్టే. తొమ్మిదేళ్ళు వారు ఆ లోయ తప్ప మరో లోకం ఎరగరు. ఇంట్లో అమ్మాయి పెళ్ళి చూపులకు కూర్చుని కూడా కిటికీ బయటి దీపస్తంభాన్ని ఎటు జరిపితే బాగుంటుందో ఆలోచించారని వారి సతీమణి నాతో చెప్పారు.

నాలుగేళ్ళ క్రితం, ఒక చల్లని ఉదయాన, మండలి పరీక్షకు వచ్చింది. స్తంభాలన్నీ నిలబడ్డాయని ప్రగతి నివేదిక ఇచ్చింది నేను. గిడ్డంగి నుంచి స్తంభం బయల్దేరితే మర్నాటికల్లా నిలబడటం మా దగ్గర ఏళ్ళ తరబడి వస్తున్న రివాజు; అందుకని గిడ్డంగి జాబితా చూసి టిక్కులు పెట్టేశాను. మూడో వీక్షణ స్థానం దగ్గర, రాతి బల్ల పక్కన, అందరం నిలబడ్డాం. లోయ లోయలాగే ఉంది. అధ్యక్షురాలు అద్భుతం అన్నారు. ఏమండీ, మీకేమైనా కనబడుతోందా అని చాటు సారు నన్ను అడిగారు. ఆయన మొహం చూశాను. తొమ్మిదేళ్ళ కష్టం. జీవితంలో మొదటిసారి తప్పు వెదకాలనిపించలేదు. ఏమీ లేదండీ, పండగ చేసుకోండి అన్నాను. మండలి అక్కడికక్కడే ఆమోదపత్రం మీద సంతకాలు చేసి, ప్రశంసావాక్యం కూడా జోడించింది.

ఆ మధ్యాహ్నం వారు తమ స్తంభాలను దగ్గర నుంచి కళ్ళారా చూసుకుందామని పట్టాలు మలుపు తిరిగే వంపు దాకా నడిచి వెళ్ళారు. పద్నాలుగు స్తంభాలు పట్టాల పక్కన గడ్డిలో వరసగా పడుకుని ఉన్నాయి. క్రేను పాడై వారమైందట, మాకు చెప్పినవారు లేరు. ఆ రంగు మూలాన పడుకున్నవి కూడా ఎవరి కంటా పడలేదు. వెనక్కి వచ్చి టీ కొట్టు దగ్గర ఈ సంగతి నాకు చెప్పారు. వచ్చే వారానికి ఎలాగూ నిలబెడతారు, నిలబెట్టినా కనబడవు, ఎవరికీ నష్టం లేదు, నోరు మెదపకండి అని బతిమాలాను.

“లేని స్తంభాలు బాగా దాచానని మెచ్చుకున్నారండీ. ఆ మెప్పు నేనెక్కడ పెట్టుకోను?” అన్నారు.

మర్నాడే లేఖ రాశారు. అందులో తన తప్పు రాసుకున్నారు, సరే. “ప్రగతి నివేదిక ఇచ్చిన సహోద్యోగి కూడా నాతోపాటు నిలబడి, సరిగా చూడలేదు” అని నా సంగతీ రాశారు. ఆమోదం రద్దయింది. మార్గం ప్రారంభం పదకొండు నెలలు వెనకబడింది. నన్ను సంజాయిషీ అడిగి, పదోన్నతి జాబితాలోంచి తప్పించి, ఏడాదిపాటు గిడ్డంగిలో మేకులు లెక్కపెట్టడానికి కూర్చోబెట్టారు. నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను. ఆ ఒక్కరోజు ఆయన మీద ప్రేమతో చూసినందుకు నాకు దక్కిన ఫలం అది. నిజం రాసిన మనిషిని తప్పు పట్టలేను, నన్ను ఇరికించిన మనిషిని క్షమించలేను. ఈ రెండూ ఒకే మనిషి కావడం నాకు పెద్ద చిక్కయింది. ఆ తరువాత ఎన్నిసార్లు పిలిచినా వారితో ఏ పరిశీలనకూ వెళ్ళలేదు.

స్తంభాలు నిలబెట్టాక మండలి మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆమోదించింది, రైళ్ళు నడుస్తున్నాయి. అంతా సుఖాంతమేనని అనుకున్నాం. కానీ పోయిన నెలలో వారి సతీమణి మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. మండలి ఆమోదించిందన్న మాట ఆయన తలకెక్కడం లేదట. ఒకసారి లేనివాటిని చూసి మెచ్చుకున్నవాళ్ళు, రెండోసారి నిజంగా చూశారని ఏమిటి నమ్మకం అంటున్నారట. అన్నం కలుపుకుని అలాగే కూర్చుంటున్నారట.

“ఈయన కళ్ళు ఈయన నమ్మరు. మీ కళ్ళే కావాలంటారు. ఆఫీసు వదిలేలోగా ఒక్కసారి వెళ్ళి చూసిరండి అన్నయ్యగారూ” అన్నారు.

చెల్లెమ్మ మాట కాదనలేక, అలాగని మనసు ఒప్పక, చివరికి మొన్న ఆదివారం వారితో బస్సెక్కాను. దారి పొడుగునా మేం మాట్లాడుకున్నది సీటు ఇరుకు గురించి మాత్రమే. మూడో వీక్షణ స్థానం దగ్గర వారు నా వెనక రాతి బల్ల మీద కూర్చున్నారు. నేను నిలబడ్డాను. స్తంభాల వరస, దూరాలు అన్నీ నాకు కంఠతా వచ్చు. నలభై నిమిషాలు వేలితో గాల్లో కొలుచుకుంటూ ఒక్కొక్కటే వెదికాను. రైలు ఒకటి వెళ్ళింది, దానంతటదే పాకుతున్నట్టు. వంపు దాటాక, ముళ్ళపొదల పైన, ఆకాశం మీద గీత గీసినట్టు, ఒకటి దొరికింది.

అప్పుడు నా పరిస్థితి పగవాడికి కూడా వద్దు. పదవీ విరమణకు తొమ్మిది రోజుల ముందు ఇది చెప్పడం న్యాయమా? చెప్పకపోతే అది స్నేహమా, లేక నాలుగేళ్ళ నాటి తప్పే మళ్ళీనా? చెబితే అది నిజాయితీయా, నా పాత కక్షా? ఏదీ తేలలేదు. తేలదని తెలిశాక నోరు తెరిచాను.

“ఒకటి కనబడుతోందండీ. ఇరవై ఏడు. పొదల మీద రెండు మూరలు.”

వారు లేచి వచ్చి నా భుజం పక్కనుంచి చాలాసేపు చూశారు. ఆయనకు కనబడిందో లేదో తెలియదు.

“మిగతావి?”

“కనబళ్ళేదు.”

“బాగా చూశారా?”

“కోపంగానే చూశానండీ.”

ఆ మాటకు ఆ పెద్దమనిషి బల్ల మీద కూలబడి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఒకటి కనబడుతోందని చెబితే ఇంత సంతోషించే మనిషిని నేనెక్కడా చూడలేదు. నలభై మూడండీ, నలభై మూడు కనబళ్ళేదు అని నన్ను పట్టుకుని ఊపేశారు. నాకూ కళ్ళు తిరిగినట్టయింది. నాలుగేళ్ళ కోపం అప్పటిదాకా నాలో ఉండి, ఏ క్షణాన పోయిందో నేను చూడలేదు.

సోమవారం ఉదయం కార్యాలయం తెరవగానే వారు తమ చివరి ఫైలు మీద సంతకం చేశారు. ఇరవై ఏడో స్తంభం ముందు, నడకదారి వైపున, ఏడు మొక్కలు నాటాలని అందులోని ఆదేశం. అవి రెండు మూరల మేర ఆకాశాన్ని కప్పడానికి పన్నెండేళ్ళు పడుతుందని తోటల అధికారి రాసిచ్చారు. కాబట్టి, సకల దేవతలనూ వేడుకునేది ఇదే: మా చాటు సారు సంపూర్ణ ఆరోగ్యంతో, చెల్లెమ్మ చేతి అన్నం వేళకు తింటూ, కొండ ఎక్కే ఓపికతో, తక్కువలో తక్కువ పన్నెండేళ్ళు హాయిగా ఉండాలి. ఆపైన ఎన్నేళ్ళైనా వారి ఇష్టం. నేను కూడా ఉండాలి. నేను చూసి చెప్పందే ఆయన నమ్మరు.