పులసలు లాగిన డెబ్బైమూడో సవరణ

సాలమోను గారు అబద్ధం ఆడరు. ఆ మాట ఊళ్ళో అందరూ ఒప్పుకుంటారు. జరిగినదానికి కొంచెం ఎత్తు పెంచి చెబుతారు, అంతే. అమలాపురం కోర్టులో ముప్పై ఏళ్ళు బంట్రోతుగా చేసి, వాది ప్రతివాదుల పేర్లు మూడేసిసార్లు పిలిచి పిలిచి, జడ్జి గారికి చట్టం తనే నేర్పినట్టు రిటైరయ్యేరు. ఇప్పుడు సర్పంచ్ సువార్తమ్మ గారి భర్త. ఈ ఉద్యోగానికి రిటైర్మెంటు లేదు.

గ్రామసభ పెట్టినప్పుడల్లా వేదిక మీద సర్పంచ్ కుర్చీ పక్కన ఆయనకో నీలం ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. మైకు ముందు ఆయన చేతికే వెళుతుంది. "మా మేడమ్ గారి తరఫున రెండు ముక్కలు" అంటారు. ఆ రెండు ముక్కలూ అయ్యేసరికి భోజనాల వేళవుతుంది, జనం లేచిపోతారు. కాలవ అవతల నలభై ఇళ్ళకు కుళాయి గొట్టం వెయ్యాలన్న తీర్మానం అలా మూడు సభల్లో చదవకుండానే ఫైల్లో ఉండిపోయింది. సువార్తమ్మ గారి పదవీకాలంలో ఈవేళ్టిది ఆఖరి సభ.

అందుకని ఆవిడ పొద్దున్నే పంచాయతీ ఆఫీసు ఎదురుగా ఉన్న టీ కొట్టుకి వచ్చేరు.

"సూర్యావతీ, తీర్మానం పాసయ్యేదాకా ఆయన్ని ఇక్కడినుంచి లేవనివ్వకమ్మా. ఏదో ఒకటి అడుగుతూ ఉండు."

ఆ నలభై ఇళ్ళలో, కొట్టు నడిపే సూర్యావతిది ముప్పై ఎనిమిదోది. పదహారేళ్ళుగా బిందె చంకనెత్తుకుని కాలవ దాటుతోంది. సరేనంది.

పదిన్నరకి సాలమోను గారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి, టీ తాగి, భుజం మీద కండువా సర్దుకుని లేచేరు.

"అండీ, ఆడవాళ్ళకి ఈ సర్పంచ్ పదవులు ఎలా వచ్చేయండీ? ఏదో సవరణ అంటారు," అంది సూర్యావతి.

లేచిన మనిషి లేచినట్టే కూర్చున్నారు.

"డెబ్బైమూడో సవరణ. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందమ్మా? తొంభైరెండులో మా కోర్టు వరండాలో ఓ ప్లీడరు గారు పంచాయతీల బిల్లు చదువుతున్నారు. నేను పక్కనే నిలబడి విన్నాను. 'ఇందులో ఆడవాళ్ళ సీట్ల మాటేదండీ?' అన్నాను. నేనన్నది ఆ ఒక్క మాటే."

"ఆయ్," అన్నాడు ఆటో బుల్లిరాజు. రోజుకు రెండు గంటలు ఆటో తోలి, మిగతా టైమంతా ఆ బెంచీ మీదే ఆయిల్ ఆదా చేసే మనిషి.

సాలమోను గారు వాచీ చూసుకున్నారు. సూర్యావతి గబగబా రెండో టీ పోసింది.

"ఆ ఒక్క మాటా ఢిల్లీ దాకా ఎలా వెళ్ళిందండీ?"

"ప్లీడరు గారు ఉత్తరం రాసేరు. వారం తిరక్కుండా టెలిగ్రాం, నన్నే రమ్మని. ఉత్త చేతులతో ఏం వెళతాం? ఐనవిల్లి కొబ్బరి బొండాలు పట్టుకెళ్ళేను. అక్కడ పార్లమెంటులో ఒకటే గోల! మూడోవంతు ఇద్దామని కొందరు, పదోవంతు చాలని కొందరు. నేనేం మాట్లాడలేదు. బొండాలు కొట్టి తలో ఒకటీ ఇచ్చేను. మన నీళ్ళు గొంతు దిగేక దెబ్బలాడుకోవడం ఎవరి తరమండీ? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమంటే బొండాలతో సహా ఎత్తేరు. అన్ని చేతులూ ఒక్కసారి లేచేసరికి ఆ గాలికి ఫ్యాన్లు వెనక్కి తిరిగేయి."

"ఎన్ని బొండాలండీ?" అన్నాడు గంగాధరరావు. కొబ్బరి వ్యాపారి. చెట్టుకింద నిలబడి పైనున్న గెలలో కాయలు చెప్పగలడు, కానీ రైతు దగ్గర ఎప్పుడూ రెండు తక్కువ చెబుతాడు.

"రెండు సభలకీ కలిపి ఎనిమిది వందలు."

"మీరొక్కరే మోసేరా?"

"చెప్పేను కదండీ, చిన్న బొండాలని."

చెప్పలేదు. అయినా ఎవరూ తప్పుపట్టలేదు.

అప్పుడే ఎదురుగా మైకు కీచుమంది. "గ్రామసభకు విచ్చేసిన..." సువార్తమ్మ గారి గొంతు.

సాలమోను గారు ఉలిక్కిపడి లేచేరు. "నేను లేకుండా మైకెవరు ఆన్ చేసేరు? ఆవిడకి అలవాటు లేదమ్మా, కంగారుపడతారు!" అంటూ రోడ్డు మీదికి ఒక కాలు వేసేసేరు.

సువార్తమ్మ గారు ఆఖరికి వాడమని నేర్పి వెళ్ళిన ప్రశ్న ఒకటుంది. సూర్యావతి అది తీసింది.

"అండీ! పార్లమెంటొక్కటీ ఒప్పుకుంటే చాలదంట కదా. రాష్ట్రాల్లో సగం కూడా ఒప్పుకోవాలంట?"

రోడ్డు మీది కాలు వెనక్కి వచ్చింది.

"అదీ ప్రశ్నంటే! కాగితం నా చేతిలో పెట్టి, రాష్ట్రాల సంతకాలు తెమ్మన్నారు. ముందు మహారాష్ట్ర సంతకానికి నాసిక్ వెళ్ళాలి. పొగమంచుకి రైళ్ళు లేటు. మన గోదారి అక్కడే కదా పుట్టింది, ఎదురెక్కితే పోలా అనుకుని, జొన్నాడ రేవులో చిన్న పడవ ఎక్కేను. ప్రవాహం కదలనివ్వడంలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పులసలు! గోదారికి ఎదురీదడం ఆ చేపలకి పుట్టుకతో వచ్చిన విద్య కదా. పడవకి రెండు వందల పులసల్ని కట్టేను, ఎద్దుల్ని కట్టినట్టు."

"అది చలికాలం కదండీ," అన్నాడు గంగాధరరావు. "పులసలు వరదలకి కదా వచ్చేది?"

"రాజ్యాంగం పనండీ. సీజన్ చూస్తాయా?"

"మరి ధవళేశ్వరం ఆనకట్ట?" అన్నాడు బుల్లిరాజు.

"ఆడవాళ్ళ హక్కుల కాగితమని చెప్పేను. అన్నీ కలిసి ఒక్క ఎగురు ఎగిరేయి. పడవా నేనూ గాల్లో! పైనుంచి చూస్తే మన కోనసీమంతా అరటాకంత. నాసిక్‌లో సంతకం, అక్కడినుంచి మిగతా రాష్ట్రాలు..."

"అక్కడ నదులు కలవవు కదండీ?" అన్నాడు గంగాధరరావు.

"పులసలు దారిలో వాగులు కలుపుకుంటూ పోయేయి!"

సరిగ్గా అప్పుడు మైకులో వినబడింది. "...కాలవ అవతల నలభై ఇళ్ళకు కుళాయి గొట్టం వేయుటకు సభ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." చప్పట్లు మోగిపోయేయి. సాలమోను గారు అవి తనకే అనుకుని, ఆఫీసు వైపు తిరిగి నమస్కారం పెట్టేరు.

సూర్యావతి పొయ్యి మంట తగ్గించి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొగ, అంది అడక్కుండానే.

కాసేపటికి, పులసల కథ ఇంకా సాగుతుండగానే, సువార్తమ్మ గారే వచ్చేరు. చేతిలో నీలం కుర్చీ.

"పులసలు నాసిక్ దాకా లాగేయాండీ? మరి మా చెల్లి పెళ్ళికి వెళుతూ, కింద నీళ్ళు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయని జొన్నాడ వంతెన ముందే బస్సు దిగిపోయేరు. నేనొక్కదాన్నే వెళ్ళొచ్చేను."

బుల్లిరాజుకి టీ పొలమారింది.

సాలమోను గారు కండువా సర్దుకున్నారు. "ఆ పెళ్ళి తొంభైనాలుగులో కదండీ. పులసల కుదుపు అప్పటికింకా వదల్లేదు."

"అలాగేనండి," అన్నారు సువార్తమ్మ గారు, కుర్చీ బెంచీ పక్కన వేస్తూ. "అంత కష్టపడి ఆ సవరణ తెచ్చేరు కదా, ఒక్కసారైనా వాడకపోతే బాగుండదని ఈవేళ వాడేను. కూర్చోండి. ఇకమీదట ఇది ఇక్కడే ఉంటుంది."

ఆయన కూర్చున్నారు. చేతులు రెండు పక్కలా ఆనించి, అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకున్నారు.

"ఈ కుర్చీ ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా?"

ఎవరూ అడగలేదు. గొట్టం పాసయిపోయింది కదా.