డ్రమ్ము కడిగింది నేనే

నా పేరు రైటరు గారు పైన రాసుకున్నారు. ఆ పేరుతో నన్నెవరూ పిలవరు. ఎప్పుడూ ఏదో ఒకటి కడుగుతూ ఉంటానని చెరువుల దగ్గర అందరికీ నేను కడుగుళ్లమ్మను. వయసు యాభై రెండు. వృత్తి చేపల పెంపకం. మాకు మూడు చెరువులు ఉన్నాయి. మేత, మందులు, షెడ్డు నేను చూసుకుంటాను, వలలు, అమ్మకం మా ఆయన చూసుకుంటారు. నాలుగు రోజుల క్రితం ఇదే పోలీసు స్టేషనులో నా తమ్ముడి మీద ఫిర్యాదు ఇచ్చాను. ఈ రోజు ఎవరూ పిలవకుండా నా అంతట నేనే వచ్చి ఇది చెబుతున్నాను.

నా తమ్ముడు నీటి పరీక్షల ల్యాబులో పని చేస్తాడు. జేబులో ఎప్పుడూ సీసాలే ఉంటాయి. చేపలకు జబ్బు వచ్చినప్పుడల్లా మందులు పోసే అలవాటును పద్నాలుగు నెలల క్రితం మాన్పించింది వాడే. ఒక పొడి తెచ్చి, "ఇందులో మంచి సూక్ష్మజీవులున్నాయక్కా. ఇవి చేప కడుపులో చేరితే జబ్బు పురుగుకు చోటుండదు" అన్నాడు. డ్రమ్ములో బోరు నీళ్లు పోసి, బెల్లం, పొడి కలిపి ఒక రోజు ఉంచాలి. పుల్లటి వాసన వచ్చి నురగ కడితే అవి బతికి ఉన్నట్టు. ఆ నీళ్లు మేతకు పట్టించి చల్లాలి. "డ్రమ్ము ఉత్త నీళ్లతోనే కడుగు. సబ్బు వద్దు, బ్లీచింగు అసలే వద్దు. నీ సంగతి నాకు తెలుసు" అని నవ్వాడు. మా ఆయన కూడా నవ్వి, "వదిలేస్తే మీ అక్క చెరువును కూడా తోమి ఆరబెడుతుంది" అన్నారు. పద్నాలుగు నెలలు ఒక్క చేపకు కూడా జబ్బు రాలేదు.

పోయిన నెల పద్దెనిమిదో తేదీన, ఉదయం పదకొండు గంటలకు మా వియ్యపురాలు చెరువులు చూడడానికి వచ్చారు. షెడ్డులోకి రాగానే ముక్కు మూసుకుని, "ఇక్కడేదో చచ్చినట్టుంది వదినా" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. నా షెడ్డులో వాసన అని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఆవిడ వెళ్లిన పది నిమిషాలకే బ్లీచింగు పౌడరు వేసి డ్రమ్ము తోమాను. వాసన మళ్లీ రాకూడదని ఆ బ్లీచింగు నీళ్లు పూర్తిగా ఒంపకుండా అడుగున కొన్ని ఉంచాను. వాటి మీదే బెల్లం, పొడి కలిపాను. ఆ రోజు నుంచి ప్రతిసారీ అలాగే చేశాను. నురగ రాలేదు. వాసన రాలేదు. వాసన రానందుకు నేను సంతోషించాను.

ఈ నెల నాలుగో తేదీన రెండో చెరువులో కొన్ని చేపలకు రెక్కల మొదట్లో ఎర్రటి పుండ్లు కనిపించాయి. తమ్ముడు పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. ఫోను చేశాను.

"రోజూ డ్రమ్ము నీళ్లు ఇస్తున్నావుగా?" అన్నాడు.

"ఒక్క రోజు కూడా మానలేదురా."

"అయితే భయపడకు. వేరే మందులేం పొయ్యకు. నేనొచ్చి చూస్తా."

నా మాట నమ్మబట్టే వాడు అలా అన్నాడు.

తొమ్మిదో తేదీ ఉదయం ఆరూ పదికి రెండో చెరువంతా తెల్లటి పొట్టలే కనిపించాయి. తమ్ముడు ఏడున్నరకు వచ్చాడు. చెరువు చూసి, షెడ్డులోకి వెళ్లి, డ్రమ్ము మూత తీసి వాసన చూశాడు. నా వైపు చూశాడు. నా చేతుల వైపు చూశాడు. మూత మళ్లీ జాగ్రత్తగా పెట్టాడు. "ఏం కాదులే అక్కా, నువ్వు కూర్చో" అన్నాడు. తప్పు చేసినవాడు కాబట్టే మూత పెట్టేసి మాట దాటేశాడని నేను అనుకున్నాను. మధ్యాహ్నం రెండు గంటలకు ఇక్కడికొచ్చి, పొడి తెచ్చింది వాడే, అందులో ఏదో విషం కలిపాడు అని నా నోటితోనే చెప్పాను. నాలుగు గంటలకు వాడిని ల్యాబు కోటుతోనే తీసుకొచ్చారు. నేను బయట బెంచీ మీద ఉన్నాను. నన్ను చూసి, "ఎండలో నడిచొచ్చావా?" అని అడిగాడు.

ఇక్కడి నుంచి పంపిన మేత, పొడి, డ్రమ్ము నీళ్ల పరీక్ష ఫలితం నిన్న వచ్చింది. మేతలో విషం లేదట. పొడిలో సూక్ష్మజీవులు బతికే ఉన్నాయట. డ్రమ్ము నీళ్లలో మాత్రం ఒక్కటీ బతికి లేదట, బ్లీచింగు ఉందట. డ్రమ్ము ఎవరు కడుగుతారని ఇక్కడి అధికారి గారు అడిగితే నా తమ్ముడు "నేనే కడిగాను" అని రాసిచ్చాడట. ఈ సంగతి నా మరదలు ఉదయం ఎనిమిదింటికి మా గుమ్మంలో నిలబడి చెప్పింది. ఏడవలేదు. "ఆయన మా ఇంట్లో తాగిన గ్లాసు కూడా కడగరు వదినా" అంది. అంతే, వెళ్లిపోయింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

వాడు డ్రమ్ము కడగలేదు. ఒక్కసారి కూడా కడగలేదు. వాడు వద్దన్న పని చేసింది నేను. చేతులారా చేసి వాడి మీదకు తోశాను. వాడి మాట మీద కేసు పెడితే వాడి ఉద్యోగం పోతుంది. వాడిని వదిలిపెట్టమని అడుగుతున్నాను. నా మీద ఏం రాసుకున్నా ఒప్పుకుంటాను.

ఇది నన్నెవరూ బెదిరించి చెప్పించింది కాదు. రైటరు గారు చదివి వినిపించారు. "చెరువులు" అన్న చోట "చెరువు" అని ఉంటే దిద్దించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం.

సంతకం చేశాను. వేలిముద్ర కూడా కావాలన్నారు. మూడుసార్లు వేసినా గీతలు పడలేదు. వేళ్లకు ఏమైందని రైటరు గారు అడిగారు. బ్లీచింగుకు అరిగిపోయాయని చెప్పాను. అది కూడా రాసుకోమన్నాను.