రెండూ ఎడమ తలుపులే

దుప్పటి విప్పకన్నయ్యా. విప్పకుండానే చెప్తా లోపలేముందో. కారు తలుపులకి లోపలివైపు బిగించే ప్యానెళ్లు, రెండు. రెండూ ఎడమ తలుపువే. అవునా, కాదా?

అదిగో, మొహం మాడిపోయింది! ఎలా తెలిసిందంటే ఏం చెప్పను? కుడి ఎడమల జతైతే మొహాలు ఎదురెదురుగా పెట్టి పట్టుకుంటేగానీ అంచులు కలవవు. నువ్వేమో ఒకదాని వీపు మీద ఇంకోదాన్ని ఎక్కించి చంకలో పెట్టుకొచ్చావు, అంచుకి అంచు ఎంచక్కా కూర్చుంది. దుప్పటి చివర జారితే గుమ్మంలోనే చూశా. నవ్వాపుకోలేక చచ్చా.

కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు ఊగుతుంది. ఈ రంగు డబ్బా మీద కూర్చో. వదినేది? కారు దిగి లోపల ఫ్యాను కింద కూర్చుందా? మంచిది. ఈ గమ్ము వాసన ఆవిడకి పడదు.

ఏమిటీ, ఊరికే వచ్చావా! పోయినేడాది వానల్లో వచ్చావు ఈ షెడ్డుకి, మళ్లీ ఇవాళ వచ్చావు. మిట్టమధ్యాహ్నం, వేళ్ల నిండా గమ్ము మరకలతో, చంకలో దుప్పటి మూటతో. ఊరికే! సరేలే, ఊరికే వచ్చావనే అనుకుందాం. నాకేం పోయింది?

కానీ ఒకటడుగుతా. "దాందేముంది, గమ్ము పూసి అంటించడమేగా" అన్నావట కదా? ఎవరు చెప్పారేమిటి, పశువుల డాక్టరే చెప్పాడు. మొన్న మందుల షాపు దగ్గర కనపడ్డాడు. ఆయన కార్లో మేకపిల్లని ఎక్కించుకుని పోతుంటే అది కుడి తలుపు ప్యానెల్ సగం నమిలేసిందట. మేకకి మందు ఆయనే వేసుకున్నాడు, తలుపుకి మాత్రం నీ దగ్గరికొచ్చాడు. "మీ చెల్లెలు కుట్టకుండా చేస్తుందట, టాక్సీ అతని కార్లో చూశాను, అలాంటివే రెండు తలుపులకీ కావాలి" అన్నాడట. నువ్వేమన్నావు? "మా చెల్లెలెందుకండీ, దాందేముంది!"

అన్నావా, లేదా? నేల చూపులు చూడకు. నేల మీద పిన్నులు తప్ప ఏం లేవు.

ఇటివ్వు చూద్దాం.

అబ్బబ్బబ్బ! ఏమిటన్నయ్యా ఇది? పాతికేళ్లకి పైబడి సీట్లు కుడుతున్న మేస్త్రివి. గమ్ము పూసీ పూయగానే రెక్సిన్ వేసేశావు కదూ? అందుకే లోపల స్పాంజి ముద్దయిపోయింది. చెయ్యేసి చూడు, ఇక్కడ మెత్తగా, ఇక్కడ రాయిలా. పిన్నులేమో పొడుగువి కొట్టావు, ఇదిగో మొన ఇవతలికొచ్చింది, రేపు డాక్టరు మోచెయ్యి గీరుకుంటుంది. రెక్సినేమో ఒక చివర్నించి లాక్కుంటూ పోయావు, మిషన్ కింద గుడ్డ తోసినట్టు. ఇది మిషన్ కాదు బాబూ. మధ్యలో మొదలుపెట్టి నాలుగు పక్కలకీ అరచేత్తో సర్దుకుంటూ పోవాలి, పసిపిల్ల వీపు నిమిరినట్టు.

భయపడకు, చెక్క పాడవలేదు. కుడిదాన్ని మేక తినేసింది, అందుకని ఎడమదాన్ని పెట్టి గీసుకుని, రెండు పలకలూ కలిపి కోశావు. కోత బాగానే ఉంది. కోసింది కాదు తప్పు, కప్పింది. ఒక పలకని తిరగేసి అవతలి మొహానికి కప్పాలి, అప్పుడది కుడి తలుపుదవుతుంది. నువ్వు రెంటికీ ఒకే మొహానికి కప్పేశావు. మనింట్లో కుడి ఎడమా తెలియనిది నేను కదా మరి! పుర్రచేతిదాన్ని నేను కదా!

డాక్టరెప్పుడొస్తాడు? నాలుగింటికా! ఎక్కడికి, నీ కొట్టుకా, ఇక్కడికా? ఇక్కడికే రమ్మన్నావా! ఊరికే వచ్చినవాడివి డాక్టర్ని కూడా ఊరికే రమ్మన్నావన్నమాట. సరే, చేస్తా. చెయ్యనని నేనన్నానా? కానీ చేసినంతసేపూ నా నోరాగదు, చెవులు మూసుకుంటే నీ ఇష్టం. రెక్సిన్ మిగిలిందా? ఆ సంచీలో ఉందా? బాగుంది, అదీ తెచ్చావు.

ఈ పలక పట్టుకో. గట్టిగా. నేను పాతదంతా గీకేస్తా.

చూడు, ఇప్పుడు గమ్ము. స్పాంజికి పూత, చెక్కకి పూత. ఆగు, ముట్టుకోకు! ఈ పనిలో సగం పని చేతులు కట్టుకుని నిలబడ్డమే. అది నీకు చేతకాదు, నాకు బాగా చేతనవును. చిన్నప్పట్నించీ నన్ను నిలబెట్టిందే అలా కదా. వేలి వెనకవైపు ఆనిస్తే గమ్ము పట్టీపట్టనట్టు పట్టుకోవాలి. అప్పటిదాకా ఆగాలి.

ఆగేలోపు ఒకటి గుర్తుచేస్తా. నాకప్పుడు పదహారేళ్లు. నువ్వు భోజనానికెళ్లావు, మిషన్ ఖాళీగా ఉంది. లారీ డ్రైవరు సీటు కవరు సగంలో ఉంటే కూర్చుని కుట్టా. నాకు ఎడమ చెయ్యే ముందుకొస్తుంది, గుడ్డ అటు లాగేసింది, కుట్టు కొంచెం పక్కకి పోయింది. కొంచెమే! నువ్వేం చేశావు? ఆ డ్రైవరూ, టీ కొట్టాయనా, కొట్లో ఉన్న ఆరుగురి ముందూ ఆ కవరెత్తి పట్టుకుని, "చూడండి, మా పుర్ర కుట్టింది, పాము పాకినట్టుంది" అన్నావు. వాళ్లు పడీపడీ నవ్వుతుంటే బ్లేడు పెట్టి నా కుట్టంతా సర్రున విప్పేశావు. ఇంకెప్పుడూ మిషన్ ముట్టుకోవద్దన్నావు.

అన్నది నవ్వులాటకే. నాకు తెలుసు. కానీ ఆ రోజు నించి నా పేరు పోయింది. ఇరవై రెండేళ్లుగా పుర్రనే. మా ఆయన కూడా పెళ్లైన ఏడాదికి గానీ నా అసలు పేరు నోటికి తెచ్చుకోలేదు.

ఏడుస్తున్నానా? నేనా? గమ్ము ఘాటది. నీ కళ్లూ ఎర్రబడ్డాయి, చూసుకో.

ఆ, పట్టుకుంది. స్పాంజి వేద్దాం.

ఆ వారమే నీ మిషన్ ఆగిపోయింది, అది గుర్తుందా? బాబిన్ కేసు కనపడలేదు. కింది దారం పెట్టుకునే చిన్న ఇనప డబ్బీ, అంతే. అది లేకపోతే అంత పెద్ద మిషనూ ఇనప దిమ్మ. పాత మోడలు, సరిపడేది ఎక్కడా దొరకలేదు. లేతు మిషనాయన తొమ్మిది రోజులు తిప్పించుకుని కొత్తది చేసిచ్చాడు. వదిన అప్పటికి కొత్త కోడలు, వచ్చి రెండు నెలలు. "ఊడ్చి చెత్తలో పారేసింది" అని నువ్వు కేకలేశావు. ఆవిడ చెత్తకుప్ప దగ్గర గొంతుక్కూర్చుని వేళ్లతో కెలికి కెలికి వెతికింది. ఇప్పటికీ మీ ఇంట్లో తాళంచెవి కనపడకపోయినా "మీ వదిన ఊడ్చేసుంటుంది" అంటావు.

సరేలే. అదలా ఉంచు.

నేను చెప్పేదేమిటంటే, ఈ పని ఆ తొమ్మిది రోజుల్లోనే పట్టుకున్నా నేను. మిషన్ నాకివ్వవు, ఇప్పుడు నీకూ లేదు. అయితే అసలు మిషనే వద్దనుకున్నా. నాన్న కారు ఎడమ తలుపు ప్యానెల్ చిరిగి వేలాడుతుండేది కదా? అట్టపెట్టె చింపి కొలత తీశా. పాత పరుపులో స్పాంజి, చెప్పులు అంటించే గమ్ము, పిన్నుల బదులు బుల్లి మేకులు. ఒక్క కుట్టు లేదు. నాన్న వచ్చి పైనుంచి కిందిదాకా చేత్తో నిమిరాడు. ఒకచోట వేలాపాడు. నా మొహంలోకి చూశాడు. చూసి, "బాగుందే" అన్నాడు. "ఈ తలుపు ఎవరూ విప్పకండి" అని కూడా అన్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు. ఆయన పోయాక కారు నీకొచ్చింది, ఆ మాట మాత్రం ఇప్పటికీ దాటలేదు నువ్వు. ఆ మర్యాదుంది నీలో, కాదనను.

ఇటు చూడు. స్పాంజిలో ఈ గీతలెందుకు వదిలానో తెలుసా? ఇప్పుడు రెక్సిన్ పరుస్తా. మధ్యలోంచి ఇలా, ఇలా... ఇప్పుడు చెంచా కాడతో ఆ గీతలోకి నొక్కాలి. గట్టిగా కాదు, దిగిందా లేదా అన్నట్టు. అయిపోయింది. దూరం నించి చూస్తే ఏమనిపిస్తుంది? కుట్టినట్టు లేదూ? "ఎంత తిన్నగా కుట్టావమ్మా" అంటారు వచ్చినవాళ్లు. నేను నవ్వి ఊరుకుంటా. వెతుకు, వేలు పెట్టి వెతుకు. దారం దొరికితే ఈ షెడ్డు నీ పేర రాసిస్తా.

మూలల దగ్గర జాగ్రత్త. తలార్చుకునే మిషన్‌తో కాస్త వెచ్చబెడితే రెక్సిన్ చెప్పిన మాట వింటుంది. వెనక్కి మడిచి, అదనంగా ఉన్నది చీలిక తీసి, పొట్టి పిన్ను. టక్, టక్. రెండోదానికీ అంతే, ఈసారి అవతలి మొహానికి. చూశావా, నీ పలకే! ఇప్పుడు రెండూ ఎదురెదురుగా పెట్టు. కలిశాయా? ఆ. అదీ జతంటే.

ఇప్పుడు నా కూలి చెప్పనా? నువ్విచ్చేదేమీ నాకొద్దు. డాక్టరొచ్చి "ఎవరు చేశారండీ" అంటాడు. అనకపోయినా నువ్వే చెప్పాలి. "మా చెల్లెలు చేసింది, నేను చేస్తే రెండూ ఎడమవే అయ్యాయి" అని. పుర్ర అని కాదు. చెల్లెలు అని. నోరు తిరగదా? ఇక్కడ ఎవరూ లేరుగా, ఒకసారి చెప్పి చూసుకో.

ఏమన్నావు?

మళ్లీ అను.

"నాన్న కారు తలుపులోలాగా వీటిలో గడ్డ రాదు కదా" అన్నావా?

ఓహో! చేయించుకున్నంతసేపూ పిల్లిలా కూర్చుని, అవ్వగానే అదా నీ నోట్లోంచొచ్చింది! ఇరవై రెండేళ్ల నించీ అదే పాట. గమ్ముపని గురించి ఎవరడిగినా కారు దగ్గరికి తీసుకెళ్లి, చేతులానించే చోట వేలుపెట్టి నొక్కి, "ఇదిగో, మా పుర్ర పని, గమ్ము గడ్డకట్టింది, కుట్టని పని ఇలాగే ఉంటుంది" అంటావు. నా చెవులతో విన్నా. ఎన్నిసార్లు విన్నానో! పళ్లు బిగపట్టుకుని నోరు మూసుకున్నా. ఎందుకు మూసుకున్నానో తెలుసా నీకు?

అది గమ్ము కాదన్నయ్యా. బాబిన్ కేసు.

అవును. నీ మిషన్‌దే.

అలా చూడకు. కూర్చో, ఆ డబ్బా దొర్లుతుంది. నేనే తీశా. నువ్వు నా కుట్టు విప్పేసిన సాయంత్రమే తీసి కొంగున కట్టుకున్నా. ఒక్క రోజు నిన్ను ఏడిపించి ఇచ్చేద్దామనుకున్నా, ఒట్టు. తెల్లారేసరికి నువ్వు వదిన మీద పడ్డావు. అప్పుడివ్వాలి. ఇవ్వలేదు. భయమేసింది. భయమొక్కటే కాదులే, నీ మిషన్ నోరు మూసుకుని పడుంటే నాకు హాయిగా ఉంది. అదీ నిజమే. మూడోనాటికి దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక స్పాంజికి చిన్న గుంట తీసి లోపల పెట్టేసి, పైన రెక్సిన్ లాగి కప్పేశా.

నాన్నకి తెలుసు. వేలాపాడన్నానే, అక్కడే. నన్ను కాపాడాడు, వదిన్ని వదిలేశాడు. ఆయనా నేనూ కలిసే చేశాం ఆ పాపం. ఆవిడ రోజూ ఆ ఎడమ తలుపు పక్కనే కూర్చుంటుంది. చెయ్యి ఆనిస్తే సరిగ్గా దాని మీదే. "ఇక్కడేదో గట్టిగా తగులుతుంది" అందొకసారి నాతో. నేను మాట మార్చేశా. ఆ రోజు అన్నం దిగలేదు నాకు.

ఇప్పుడెందుకు చెప్తున్నావంటావా? పశ్చాత్తాపమనుకోకు. అదుంది, చాలా ఉంది, అది వదిన కాళ్ల దగ్గర చెప్పుకుంటా. నీకు చెప్తున్నది వేరే. ఆ గడ్డ నా పనిలో తప్పు కాదు. పదహారేళ్లప్పుడు, పాత పరుపు స్పాంజితో, చెప్పుల గమ్ముతో చేసిన పని, ఇన్నేళ్లలో ఒక్క మూల లేవలేదు. పోయి చూడు. దొంగ అను, పడతా. నిజమే కాబట్టి పడతా. పని రానిదంటే మాత్రం పడనన్నయ్యా. ఇక ఒక్క రోజు కూడా పడను.

కోప్పడు, కోప్పడు. నీకా హక్కుంది. కానీ ఒక మాట. ఇవాళ ఇద్దరికి చెప్పాలి. నా దొంగతనం వదినకి చెప్పాలి, నా పనితనం డాక్టరుకి చెప్పాలి. మొదటిది నేనే చెప్తా. రెండోది నువ్వు చెప్పాలి. దొంగదని తెలిసింది కదా అని రెండోది మింగేద్దామనుకుంటే కుదరదు. అదీ ఇదీ ఒకే చెయ్యి చేసింది.

హారన్ వినపడిందా? డాక్టరే. నాలుగు కాకుండానే వచ్చేశాడు. పలకలు నువ్వు తీసుకురా, చూసుకుని, మొహాలు ఎదురెదురుగా.

వదినా! ఒకసారి బయటికి రా, మీ కారు దగ్గరికి. నీదొకటి నా దగ్గరుండిపోయింది.

ఆపకన్నయ్యా. ఆవిడ ముందే కోస్తా. ఆ ప్యానెల్‌కి మళ్లీ కొత్త బట్ట నేనే వేస్తా, కుట్టకుండానే. నీ వెనకాల బ్లేడుంది, అందుకో. ఆ చేతికి కాదు.

ఈ చేతికివ్వు.