ఎవరి డ్రోన్‌కు ఎవరి మాట

నా పేరు బొమ్మెన బాలమణి. వయసు యాభై నాలుగు. వెల్గటూర్ మండలంలో మాకు వరి పొలం ఉంది, వ్యవసాయం చేస్తాను. భర్త పేరు అడిగారు. నేను పలకలేదు. నాతో వచ్చిన మా ఆడబిడ్డ సారక్క చెప్పింది, జలపతి అని రాసుకున్నారు. జగిత్యాల కోర్టులో మేజిస్ట్రేట్ గారి ముందు, ఎవరి బలవంతమూ లేకుండా ఈ మాటలు చెబుతున్నాను.

గాయపడిన వసంత నా చిన్న చెల్లెలు. నేను అందరికన్నా పెద్దదాన్ని. వసంత సిరిసిల్లలో మరమగ్గాలకు కండెలు చుట్టేది. అక్కడ పని తగ్గడంతో ఈ వానకాలం మా ఇంటికి వచ్చి, కోరుట్లలో ఆఫీసు ఉన్న ఒక కంపెనీలో చేరింది. ఆ కంపెనీ డ్రోన్లతో పొలాలకు మందు కొడుతుంది.

పని ఇట్లా ఉంటుంది. డ్రోన్ నడిపేవాణ్ణి పైలట్ అంటారు. అతను దూరంగా గట్టు మీద ఉంటాడు. డ్రోన్ దగ్గర ఒక ఆడమనిషి ఉంటుంది. అది దిగగానే ఆమె బ్యాటరీ మార్చి, మందు నింపి, పక్కకు జరిగి వాకీటాకీలో చెప్పాలి. కోరుట్ల శిక్షణలో నేర్పిన పద్ధతి వసంత నాకు చెప్పింది. ముందు పైలట్‌ను పేరు పెట్టి పిలిచి "లేపొచ్చు" అనాలి. పైలట్ తన పేరుతో ఆ మాట తిరిగి చెప్పాలి. పొరపాటు ఉంటే కింద ఉన్నామె ఆపాలి. విమానం నడిపేవాళ్లూ టవర్‌లో ఉండేవాళ్లూ ఇట్లాగే మాట్లాడుకుంటారని, ఒకరికి చెప్పింది ఇంకొకరు తనకే అనుకుంటే ప్రాణాలు పోతాయని కూడా నేర్పారట. అంటే కంపెనీకి తెలియని సంగతి కాదు.

తిరిగి చెప్పడం మాన్పించింది సూపర్‌వైజర్ సురేందర్. మా వాకిట్లోనే అన్నాడు. "చెప్పిందే చెప్పుకుంట కూసుంటె ఎకరాలెప్పుడు ఒడుస్తయి? ఒక్కపారి అంటె సాలు, లేపుర్రి." మా దగ్గర పనిచేసేవి రెండు జట్లు. రెండింటికీ వాకీటాకీలో ఒకే లైను పెట్టి, ఒకరి మాట ఇంకొకరికి వినబడేలా చేసింది కూడా అతనే.

రెండో డ్రోన్ దగ్గర పనిచేసేది రజిత. ఆ డ్రోన్ పైలట్ వీరేందర్, రజిత భర్తకు స్వయానా అన్న. మా దిక్కు కోడళ్లు బావ పేరు నోట పలకరు. ఆ సంగతి రజిత సురేందర్‌కు నా ముందే చెప్పింది.

"సార్, మా బావ పేరు నేనెట్లంట? ఇంట్ల ఊకోరు. నన్ను ఇంకో జట్టుల ఎయ్యిర్రి, లేకుంటె డ్రోన్లకు నంబర్లన్న పెట్టుర్రి."

అతను నవ్వాడు. "బావంటె గంత సిగ్గా? పేరు లేకున్న ఆయినకు సమజైతది తియ్యి," అన్నాడు.

మనిషిని మార్చలేదు. నంబరు పెట్టలేదు. నంబరు పెడితే అతనిది ఏం పోయేది?

పోయిన నెల పదకొండో తారీఖు పొద్దున ఎనిమిదిన్నరకు వసంత జట్టు డ్రోన్ మా పొలంలో దిగింది. మక్కచేను అవతల వీరేందర్ డ్రోన్ దిగింది. నేను ఒడ్డు మీద ఉన్నాను. వసంత మందు నింపి మూత బిగిస్తోంది. ఆమె నడుముకున్న వాకీటాకీలో "లేపొచ్చు" అని వినబడింది. అది రజిత గొంతు. వీరేందర్‌కు చెప్పిన మాట. వసంత పైలట్ నితిన్ ఆ వారమే చేరాడు, ఎవరి గొంతు ఏదో అతనికి ఇంకా తెలియదు. మక్కచేను అడ్డం వల్ల అతనికి వసంత కనబడదు. పేరు లేని ఆ మాట తనకే అనుకొని లేపాడు. తిరిగి చెప్పి ఉంటే వసంత ఆపేది. అతను తిరిగి చెప్పలేదు. చెప్పొద్దన్నారు కదా.

రెక్కలు తిరిగాయి. కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. నా కొంగు చింపి చుట్టాను. వసంత ఏడవలేదు. "అక్కా, నేను లేపుమనలే," అన్నది. జగిత్యాల ఆసుపత్రి దాకా అదే మాట. "అక్కా, నేను లేపుమనలే."

నేను ఆసుపత్రి వరండాలో జపం చేసుకుంటుంటే సురేందర్ పళ్లు పట్టుకొని వచ్చాడు. తప్పంతా రజితదే అని పోలీసులకు చెప్పమన్నాడు.

"గా పిల్ల పేరు చెప్తె ఒడుస్తది అక్కా. మీకు కోర్టుల సుట్టు తిరుగుడు ఉండది."

"రజిత నీకు ముందుగాల చెప్పిందా, లేదా?" అన్నాను.

"గవన్ని ఇప్పుడెందుకక్కా?"

"చెప్పిందా, లేదా?"

పళ్ల సంచి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ సంచిని నేను ముట్టలేదు. ఇంటివాళ్లను ముట్టనివ్వలేదు. ఈగలు ముసిరాక ఆసుపత్రి ఆయా పారేసింది. ఆ రోజు నుంచి జపానికి కూర్చుంటే రజిత ముందు అతను నవ్విన నవ్వు వినబడుతోంది. దేవుడి ముందు కూర్చొని ఒక మనిషిని ఇంత తిట్టుకోవడం నాకు అలవాటు లేదు. ఇప్పుడు రోజూ తిట్టుకుంటున్నాను.

కేసు మాత్రం రజిత మీద పెట్టారు. ఆమెకు ఇరవై మూడేళ్లు. బావ పేరు పలకకపోవడం నేరమైతే, పలకనివ్వని ఇళ్లన్నిటినీ ఇక్కడ నిలబెట్టాలి. ఆమె ముందే చెప్పింది. చెబితే నవ్వారు. వేళ్లు పోయింది నా చెల్లెలికి. అయినా రజిత మీద నాకు ఫిర్యాదు లేదు. సురేందర్ మీద ఉంది. అతని పేరు నేను ఎన్నిసార్లయినా పలుకుతాను.

నేను చెప్పింది రాసి, చదివి వినిపించారు. ఒకచోట "రజిత నిర్లక్ష్యం వలన" అని వచ్చింది. ఆ మాట నాది కాదన్నాను. కాగితాల్లో అట్లాగే రాయడం అలవాటమ్మా అని రాసుకునే ఆయన అన్నారు. నేను సంతకం పెట్టనన్నాను. మేజిస్ట్రేట్ గారు ఆ మాట కొట్టేయించి, "సురేందర్‌కు ముందే తెలిసి కూడా" అని రాయించారు. మళ్లీ చదివించుకొని విన్నాను. ఇప్పుడు ఇందులో ఉన్నదంతా నేను చూసిందీ విన్నదీ, దైవసాక్షిగా నిజం.

(సంతకం)
బొమ్మెన బాలమణి