వంటింటి నడిబొడ్డున పొయ్యి

రెండువేల పందొమ్మిది మార్చి పన్నెండు, మంగళవారం. పొద్దున్నుంచీ మబ్బు పట్టి, ఆకు కదలకుండా ఉక్కపోసి, పదకొండింటికి నాలుగు చినుకులు రాల్చి ఊరుకుంది. తేదీ ఎందుకు గుర్తుందంటే ఆ రోజే చనిపోయిన మా అక్క వీలునామా చదవాలి. మబ్బు ఎందుకు గుర్తుందంటే నా గొడుగు అక్క ఇంట్లోనే పోయింది, అది వేరే సంగతి. లాయరు గారి కోసం అక్క ఇంటి వరండాలో కూర్చున్నాం: నేను, అక్క కూతురు, పక్కింటి టీచరమ్మ, అక్క మరిది. ఈ మరిదిని అందరూ ఇంజనీరంటారు. బస్సు డిపోలో టికెట్లు చూసి రిటైరైన మనిషికి ఆ పేరెలా వచ్చిందంటే, తనే పెట్టుకున్నాడు.

మేనకోడలి మొహంలో నెత్తురుచుక్క లేదు. అమ్మను చివరిదాకా చూసుకున్న పిల్ల, ఆ ఇల్లు తప్ప తల దాచుకోవడానికి మరో చోటు లేదు. ఇంజనీరేమో, వదిన ఆ ఇల్లు తనకే రాస్తానందని కనిపించిన వాళ్లందరికీ చెబుతున్నాడు. ఎందుకయ్యా అంటే వంటింటివైపు చెయ్యి చూపిస్తాడు. ఆ రోజూ చూపించాడు.

"ఆ ఐలాండు గట్టు నేను కట్టించిందే బావా. పొయ్యి గోడకి ఆనించి, గోడకేసి చూస్తూ వండటమేంటి, మూల నిలబెట్టిన బడిపిల్లలాగా? అందుకని నడిబొడ్డున నల్లరాతి గట్టు, దాని మీద నాలుగు బర్నర్ల గాజు పొయ్యి, హాబ్ అంటారు. వదిన వచ్చినవాళ్ల మొహాలు చూస్తూ వండుకుంటుందని. మేస్త్రీ వద్దన్నాడు. గచ్చు పగలగొట్టి గ్యాసు పైపు కిందనుంచి లాగాలి, చిమ్నీ కప్పునుంచి వేలాడదియ్యాలి, గోడపక్క పొయ్యికయ్యేదానికి మూడింతలవుతుంది సార్ అన్నాడు. మూడింతలేం ఖర్మ, ముప్ఫై ఇంతలు పెట్టు అన్నాను. నేను ఖర్చుకి జంకే మనిషినా?"

ఈయన అగ్గిపుల్లని నిలువునా చీల్చి రెండుసార్లు వాడటం నా కళ్లతో చూశాను.

"నడిమధ్యన పొయ్యి పెడితే నూనె నాలుగు పక్కలా చిందదూ?" అంది టీచరమ్మ.

"నా చిమ్నీ చిందనిస్తేగా! చుక్క గాల్లోకి లేవడం ఆలస్యం, పైకి లాగేసేది. ఒకరోజు మూత లాగేసింది. సరే మూతేగా అనుకున్నాం, మర్నాడు మూకుడు పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీ పిల్లి వంటింట్లోకొచ్చి తోక పైకెత్తింది, అంతే, డాబా మీద గొట్టంలోంచి బయటపడి మళ్లీ ఈ వీధి మొహం చూడలేదు."

"మా పిల్లి ముసలిదై పోయిందండీ."

"అయితే అది వేరే పిల్లి. మంట సంగతి చెప్పనివ్వండి. పొయ్యి నెత్తినే సీలింగ్ ఫ్యాను."

"చిమ్నీ ఉన్నచోటేనా?" అన్నాను.

"పక్కన, పక్కన! అడ్డురాకు బావా. ఫ్యాను వేస్తే మంట ఆరిపోతుందని అందరూ బెదరగొట్టారు. ఏమైందో తెలుసా? మంటే ఫ్యానుని తిప్పింది! స్విచ్చి వెయ్యకుండా! కరెంటు మీటరు వెనక్కి తిరిగింది. ఆఫీసువాళ్లు పరిగెత్తుకొచ్చి, వీధి దీపాలక్కాస్త ఇప్పించండి సార్ అని బతిమాలారు. ఇచ్చాను. ఆ వెలుతుర్లో వీధి వీధంతా భోజనానికి కూర్చుంది, నాలుగొందల మంది, వండింది వదిన ఒక్కతే. ఆఖరివాడు చెయ్యి కడుక్కునేసరికి మొదటివాడికి మళ్లీ ఆకలేసింది, వాడికీ అక్కడే వండింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, నీ పొయ్యే నన్నిన్నాళ్లు బతికించింది, ఇల్లు నీదే అంది. అంతెందుకు, ఇప్పుడు మీరు తాగుతున్న టీ? దాని మీద కాగిందే! రుచి తెలియడం లా?"

మేనకోడలు కప్పు కింద పెట్టింది. "బాబాయ్, ఒక్కసారి లోపలికొస్తారా? మామయ్యా, మీరూ రండి."

వెళ్లాం, టీచరమ్మతో సహా. గట్టు నిండా ఉతికిన దుప్పట్లు మడతలు పెట్టి ఉన్నాయి. వాటిని పక్కకి జరిపి, హాబ్ మూల గోరుతో గీకి పట్టుకు లాగింది. కంపెనీవాళ్లు అంటించిన ప్లాస్టిక్ పొర చర్రుమంటూ ఆ చివరిదాకా లేచొచ్చింది.

"నాలుగొందల మందికి వండినా ఇది కరగలేదేంటి బాబాయ్?"

"అది... వేడికి తట్టుకునే రకం," అన్నాడు ఇంజనీరు.

టీచరమ్మ పైకి చూసింది. ఫ్యాను ఒక్కటే వేలాడుతోంది. మేనకోడలు గట్టు కింది తలుపు తీసింది. పైపు రావాల్సిన కన్నంలో పాతగుడ్డ కుక్కి ఉంది.

"గచ్చు పగలగొట్టాలనగానే మేస్త్రీని పంపేశారు. చిమ్నీ కొననే లేదు. అమ్మ చివరిదాకా గోడ పొయ్యి మీదే వండింది, మీ గట్టు చుట్టూ తిరుగుతూ, రోజూ మోకాలు కొట్టుకుంటూ. ఆ మాట అంటే మీరు నొచ్చుకుంటారని, గట్టు మీద దుప్పట్లు పెట్టుకునేది."

ఇంజనీరు దుప్పట్లని మళ్లీ హాబ్ మీదికి జరిపాడు.

లాయరు గారు వచ్చి చదివారు. ఇల్లు, గోడపక్క పొయ్యి, గిన్నెలు కూతురికి. కుట్టుమిషను టీచరమ్మకి. మరిదికి వంటింటి మధ్య గట్టు, హాబ్‌తో సహా. గచ్చు పగలకుండా ఆయనే తీసుకుపోవాలి. ఇంజనీరు గట్టునీ గుమ్మాన్నీ జానలు వేసి కొలిచాడు. గట్టే వెడల్పు.

నాకేమీ రాలేదు. ఇంకో కప్పు టీ వచ్చింది, గోడ పొయ్యి మీదిది.