అమ్మ టీ కూజా

బోస్టన్ సుంకం కచేరీ గుమాస్తా పల్లెలోని అక్కగారింటికి వచ్చేసరికి, ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని ఇనప గరిటెలో ఏదో కరిగిస్తోంది.

"అక్కా, అమ్మ తగరపు టీ కూజా ఏదీ? నా వాటాకి అదిచ్చెయ్. నువ్వెలాగూ టీ మానేశావుగా."

"మానేశాను. ఆకుల కషాయం కాచుకుంటున్నా. నీలా రాజుగారి ఎంగిలికి ఎగబడటం లేదు."

"పౌను టీకి మూడు పెన్నీల పన్ను! దానికింత రాద్ధాంతమా?"

"సముద్రానికి అవతల, మా తరఫున ఒక్కడూ లేని సభలో వేశారురా దాన్ని. అర్జీలు రాశాం, చదవలేదు. సరుకు కొనడం మానేశాం, సైన్యాన్ని దింపారు. టీ తీసుకెళ్లి సముద్రంలో పోస్తే ఏకంగా రేవే మూసేశారు. మళ్లీ అర్జీ రాయమంటావా?"

"అందుకని గడ్డివాము వెనక బావ కవాతా? కుడికాలేదో ఎడంకాలేదో తెలీదు ఆ మనిషికి! రాజుగారి ఎర్రకోటు సిపాయి కనబడితే చేలకడ్డంపడి పరిగెత్తడూ?"

"అదీ చూద్దువుగాని."

"ఎందుకులే. నా కూజా నాకిచ్చెయ్, పోతాను."

"చెయ్యి పట్టు."

ఆవిడ బల్ల మీది గుడ్డమూట విప్పి, అతని దోసిట్లో గుప్పెడు తుపాకీ గుళ్లు పోసింది. ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

"ఇవేంటి?"

"కూజాయే. ఇది నీ సగం. నా సగం మీ బావ సంచిలో ఉంది. రేపు నువ్వెళ్లి ఆ ఎర్రకోట్ల పక్కన నిలబడ్డావనుకో, అదీ నీకే పంపిస్తాను."